రెండంతస్తుల మంచం

దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రెండు కొసలు పట్టుకుంటే, ఎదురుగా ఇంకొకరు మిగతా రెండు కొసలు పట్టుకుని ఒక్క ఊపున లాగి ముడతలు విడిపించాలి. ఆ తర్వాత ఒకరి దగ్గరికి ఒకరు నడిచి రావాలి. పెద్ద లాండ్రీలో మడతక్క పని అదే. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు ఆవిరి కక్కుతూ యంత్రంలోంచి వచ్చి పడుతుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముందుకి నడవడం, వెనక్కి రావడం. ఆమె మడిచిన దుప్పటి కొసలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి. అందుకే ఆ పేరు వచ్చింది.

ఎదురు కొసలు పట్టుకునే ఆవిడని అందరూ రేడియో అంటారు. ఎందుకో అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమె నోరు ఆగితే యంత్రం ఆగిందేమోనని ఫోర్‌మన్ వచ్చి చూసేవాడు. అయితే రేడియోలో ఒక మంచి గుణం ఉంది. నోరు ఎటు తిరిగినా కళ్ళు మాత్రం వెనక తలుపు వైపే ఉండేవి. ఆ తలుపు బయట మెట్ల మీద, వేడి గొట్టాల పక్కన, మడతక్క తమ్ముడు కూర్చునేవాడు. మడతక్క వీపు ఆ తలుపు వైపు ఉన్నంతసేపూ అతన్ని కనిపెట్టుకుని ఉండేది రేడియోనే.

తమ్ముడికి మూర్ఛలు. ఎప్పుడొస్తాయో తెలీదు. వచ్చినప్పుడు ఒక మనిషి పక్కనుండాలి. చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు, పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద ఏదో ఒక మెత్తటిది పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, తగ్గేదాకా కూర్చోవాలి. అంతే. కానీ ఆ మాత్రం చేసే మనిషి లేకపోతే అంతే సంగతులు. ఒకసారి బస్టాండులో బోర్లా పడి, నీళ్ళు నిలిచిన చోట ముక్కు మునిగి, మడతక్క టీ తెచ్చేలోపు మొహం నల్లబడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె అతన్ని కంటికి దూరం చెయ్యలేదు.

అంతకుముందు అతను బోర్డులు రాసేవాడు. దుకాణాల మీద, గోడల మీద, మనిషంత అక్షరాలు. ఒక రోజు నిచ్చెన మీదుండగా మూర్ఛ వచ్చి పడ్డాడు. ఆ తర్వాత నిచ్చెన ఎక్కనిచ్చినవాళ్ళు లేరు. అదే ఏడాది రోడ్డు వెడల్పు చేసి వాళ్ళ అద్దె ఇల్లు పడగొట్టారు. కొత్త ఇంటి కోసం అక్కాతమ్ముళ్ళు తిరగని వీధి లేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. మనిషి మంచివాడేనమ్మా, కానీ మా ఇంట్లో ఉండగా ఏదైనా అయితే, అన్నారు. నువ్వొక్కదానివీ వస్తానంటే రేపే రా, అన్నవాళ్ళూ ఉన్నారు. అలా ఇద్దరూ కలిసి బస్టాండుకి చేరారు.

ఈ నగరం పెద్దలకి ఒక అలవాటుంది. ఏ చిక్కు వచ్చినా ముందు ఇంకో నగరం ఏం చేసిందో చూసి రావడం. చెత్తకి ఒక నగరం, దోమలకి ఒక నగరం, రోడ్డు మీద పడుకునేవాళ్ళకి ఒక నగరం. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఒక నగరాన్ని చూసొచ్చి పార్కు బల్లల మధ్య ఇనప కమ్మీలు పెట్టించారు, ఎవరూ పడుకోకుండా. ఇంకో నగరాన్ని చూసొచ్చి తెల్లారకముందే బస్టాండు కడగడం మొదలుపెట్టారు, ఎవరూ నిద్రపోకుండా. మూడో నగరం నుంచి తెచ్చింది మాత్రం, నిజం చెప్పుకోవాలంటే, మంచిదే. రోడ్డు మీదున్న మనిషికి ముందు ఒక గది ఇవ్వాలి, ఉద్యోగం, ఆరోగ్యం, అలవాట్లు తర్వాత చూసుకోవచ్చు అనేది ఆ పద్ధతి. మూతపడిన నర్సుల క్వార్టర్సుకి రంగులు వేయించి మనిషికొక గది చొప్పున ఇచ్చారు. మడతక్కకీ ఒకటి వచ్చింది. పై అంతస్తులో, రోడ్డు వైపు, మూల గది.

తమ్ముడికి రాలేదు. మూర్ఛలున్నవాణ్ణి ఒక్కణ్ణీ గదిలో పెట్టడం ప్రమాదమన్నారు. అదీ నిజమే. మరి ఇద్దరం కలిసి ఉంటామంటే, గది ఒక్కరికే అన్నారు. అదీ నిజమే. రెండు నిజాల మధ్యా వాడు రోడ్డు మీద మిగిలాడు.

కాబట్టి మడతక్క వాణ్ణి దాచింది. చుట్టాలు పగటిపూట వచ్చి పోవచ్చు. దీపాలు పెట్టే వేళకి గేటు మూస్తారు. తమ్ముడు సాయంత్రం చుట్టంలా లోపలికి వెళ్ళేవాడు, బయటికి మాత్రం వచ్చేవాడు కాదు. గేటు దగ్గర కూర్చునే ముసలి వాచ్‌మన్‌ని ఆమె బాబాయ్ అని పిలిచేది. ఆయన సరిగ్గా ఆ వేళకి చెప్పులో రాయి దులుపుకునేవాడు. క్వార్టర్సు చూసుకునే సూపర్వైజరమ్మకి కూడా తెలుసు. ఒకసారి మెట్ల మీద ఎదురై, నీ గదిలో దగ్గు మగగొంతుతో వినపడుతోంది, మందు వేసుకో అని చెప్పి వెళ్ళిపోయింది.

గదిలో ఇనప మంచం ఒకటే. పక్కన కింద పడుకోవడానికి చోటు చాలదు, తలుపు తెరుచుకోదు. మంచం మీద పడుకోబెడితే మూర్ఛ వచ్చినప్పుడు దొర్లి పడతాడు. మడతక్క లాండ్రీ వెనకాల పారేసిన సబ్బు డ్రమ్ములు తెచ్చి, మంచాన్ని వాటి మీదికి ఎక్కించింది. కింద మనిషి లేచి కూర్చునేంత ఎత్తు వచ్చింది. అక్కడ తమ్ముడికి పరుపు వేసి, చిరిగిన ఆసుపత్రి దుప్పట్లని గట్టిగా చుట్టి, మంచం కోళ్ళ చుట్టూ, గోడ పొడవునా కట్టింది, కొట్టుకున్నప్పుడు తలకి ఇనుము తగలకుండా. పైనుంచి ఒక దుప్పటి తెరలా వేలాడదీసింది. సామానంతా కొక్కేలకి ఎక్కింది. ఒకరు నిలబడితే ఇంకొకరు కూర్చోవాలి, ఒకరు బట్టలు మార్చుకుంటే ఇంకొకరు తెర వెనక ఉండాలి. అయినా ఇల్లు ఇల్లే. రాత్రి పైనుంచి ఆమె ఒక చెయ్యి కిందికి వేలాడదీసి పడుకునేది, వాడు ఊపిరి తీస్తుంటే తెర కదలడం తగిలేలా.

"అక్కా, నేను నీ కింద పనిచేస్తున్నట్టుంది," అనేవాడు తమ్ముడు తెర వెనక నుంచి. "జీతం పెంచు."

ముందు గది ఇచ్చే ఆ పద్ధతి ఇక్కడ బాగా నడుస్తోందని పేరొచ్చింది. చూసి నేర్చుకున్నవాళ్ళని చూసి నేర్చుకోవడానికి ఇంకో నగరం వాళ్ళు బయల్దేరారు. మూల గదికి వెలుతురు బాగా వస్తుందని సూపర్వైజరమ్మ దాన్నే చూపిస్తానంది. డ్రమ్ములు తియ్యమని చెప్పడానికి నోరు తెరిచి, ఎందుకో మానేసింది. తమ్ముణ్ణి రేడియోకి అప్పగించి, మడతక్క ఆ పూట సెలవు పెట్టి గదిలో నిలబడింది.

వచ్చినవాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి ఉంది. మిగతావాళ్ళు కిటికీలోంచి రోడ్డు చూస్తుంటే ఆమె మాత్రం గది చూసింది. వంగి చూసింది, చేత్తో తడిమి చూసింది. మంచం ఇంత ఎత్తులో ఎందుకుందండీ అని అడిగింది.

సామాన్లకి, అంది సూపర్వైజరమ్మ గబుక్కున.

సరేనని తలూపి ఊరుకుంటే ఆ పూట అలా గడిచిపోయేది. కానీ మడతక్క మనసులో వేరే లెక్క నడుస్తోంది. ఇంట్లోవాళ్ళు ఎంత మొత్తుకున్నా చెవికెక్కదు, అదే మాట చుట్టం అంటే ఎక్కుతుంది. ఈ చుట్టాలు బాగుందన్నారంటే మనవాళ్ళు కాదంటారా? ఇద్దరు ఉండొచ్చని వీళ్ళ నోట వస్తే చాలు, దాక్కోవడం ఉండదు. పట్టపగలు వాడి చెయ్యి పట్టుకుని గేటులోంచి నడిపించుకుని రావచ్చు.

"సామాన్లకి కాదండీ," అంది. "ఇందులో ఇద్దరు సుఖంగా పడుకోవచ్చు."

అని చూపించింది. తెర తీసి చూపించింది. కొక్కేలు చూపించింది. ఒకరు నిలబడితే ఇంకొకరు ఎక్కడ కూర్చోవాలో తనే కూర్చుని చూపించింది. ఆ చుట్టలు దేనికి అని అమ్మాయి అడిగితే, కింద పడుకునేవాళ్ళకి తల తగలకుండా అని చెప్పింది. మూర్ఛ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట విన్న ప్రతి గుమ్మమూ అంతవరకూ మూసుకుంది. అందుకని దాన్ని మింగేసింది. చెప్పాల్సిన ఆ ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది.

వాళ్ళకి భలే నచ్చింది. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. ఎంత తెలివైన ఏర్పాటో అనుకున్నారు. కళ్ళద్దాలమ్మాయి వెళ్తూ వెళ్తూ మడతక్క రెండు చేతులూ పట్టుకుంది.

అందరూ వెళ్ళాక సూపర్వైజరమ్మ తిరిగి పైకి వచ్చింది. కోపంగా లేదు, అలసిపోయినట్టుంది.

"నువ్వు ఊరుకోవాల్సింది," అంది. "చూడ్డానికి వచ్చినవాళ్ళకి వస్తువు కనపడుతుంది గానీ మనిషి కనపడడు. ఏం పట్టుకెళ్తారో మన చేతుల్లో ఉండదు."

మడతక్క ఆ మాట పట్టించుకోలేదు. మర్నాడు దుప్పట్లు మడుస్తూ రేడియోకి అంతా చెప్పింది. ఇంక చూడు, నాలుగు రోజుల్లో మనవాళ్ళే పిలిచి ఇద్దరూ ఉండండి అంటారు, అంది. రేడియో మొదటిసారి ఏమీ అనకుండా దుప్పటి లాగింది.

వానలు పోయాయి, చలి వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఈలోపు ఒక వార్త మాత్రం వచ్చింది. గది చూసి వెళ్ళినవాళ్ళ ఆ పక్క నగరంలో రోడ్ల మీద పడుకునేవాళ్ళు బాగా తగ్గిపోయారట. ఈ నగరం పెద్దలు ఊరుకుంటారా? కోట్లు వేసుకుని చూడ్డానికి వెళ్ళారు. తిరిగొచ్చాక క్వార్టర్సులో ఉన్నవాళ్ళందర్నీ కింద హాల్లో కూర్చోబెట్టారు. ప్రాజెక్టు ఆఫీసరు తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు, ఉత్సాహం ఎక్కువ. మనం గదికి ఒకరిని పెట్టి, మిగతావాళ్ళని చలికి వదిలేశాం, వాళ్ళు అదే గదిలో ఇద్దరిని పెట్టారు, ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది అని చెప్పి, ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

రెండంతస్తుల ఇనప మంచం. పైన ఒకరు, కింద ఒకరు. కింద అంతస్తుకి తెర. గోడకి వరసగా కొక్కేలు. కింది కోళ్ళ చుట్టూ, గోడ వైపు పొడవునా, నల్లటి రబ్బరు దిండ్లు బిగించి ఉన్నాయి.

మడతక్క పక్కన కూర్చున్నవాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఒకరిద్దరు నవ్వారు.

సంగతి విన్న రేడియోకి మర్నాడు నోరు ఊరుకోలేదు. "మీ మంచం పైదేశం పోయి, చదువుకుని, సూటు వేసుకుని వచ్చిందే. నువ్విప్పుడు లేచి నిలబడాలి దానికి," అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే మడతక్క దుప్పటి కొస వదిలేసింది. అది తడినేల మీద పడింది. ఆ పని చేస్తూ ఆమె కొస వదలడం రేడియో ఎన్నడూ చూడలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. గదికి ఇద్దరు. ఆడవాళ్ళతో ఆడవాళ్ళు, మగవాళ్ళతో మగవాళ్ళు. గదిలోకి రెండో మనిషి వచ్చాక మూడో మనిషిని దాచడం ఎవరి తరం కాదు. పైగా అంతమంది వస్తున్నారు కనక, దీపాలవేళ సూపర్వైజరమ్మ ప్రతి గదికీ వచ్చి మనుషుల్ని చూసుకోవాలి. గేటు మూశాక బయట ఉండిపోయినవాళ్ళ చోటు మర్నాడు ఇంకొకరికి పోతుంది. ఇవన్నీ కూడా అక్కణ్ణుంచే తెచ్చారు.

మడతక్క ప్రాజెక్టు ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచిగానే కూర్చోమన్నాడు. ఆమె నిలబడే మాట్లాడింది.

"గదికి ఇద్దరన్నారు కదండీ. ఆ ఇద్దరం మేమే ఉంటాం. నేనూ మా తమ్ముడూ."

"అలా కుదరదమ్మా. ఆడవాళ్ళ గదిలో మగమనిషి ఉండకూడదు."

"తోడబుట్టినవాడండీ."

"తెలుసు. కానీ పద్ధతి అది కాదు."

"ఎవరు పెట్టిన పద్ధతండీ?"

"పక్క నగరం వాళ్ళది. అక్కడ చక్కగా నడుస్తోంది. మనం మధ్యలో వేలు పెడితే చెడుతుంది."

"వాళ్ళని అడిగితే ఒప్పుకుంటారేమోనండీ."

"వాళ్ళేమంటారంటే," ఆయన నవ్వాడు, "అసలు ఇదంతా మీ దగ్గర చూసే చేశామంటారు. మాకు మాత్రం అలాంటిదేం గుర్తులేదు."

"ఆ మంచం నాదండీ," అంది ఆమె.

"నీదే తల్లీ. నీ గదిలోనే వేయిస్తాం," అన్నాడు ఆయన ఆప్యాయంగా.

అప్పుడు మూర్ఛ సంగతి చెప్పింది. గదులు పంచింది వేరేవాళ్ళు, ఈయనకి తెలీదు. మింగిన మాట కక్కినట్టే ఉంది. ఆయన ముఖం నిజంగానే వాడిపోయింది. అయితే అతను ఆసుపత్రిలో ఉండాలి కదా అన్నాడు. ఆసుపత్రివాళ్ళు ఎన్నోసార్లు చెప్పిన మాట ఆమెకి నోటికి వచ్చు. మూర్ఛ తగ్గాక మా దగ్గర చెయ్యడానికేం లేదు, మందులిస్తాం, ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో.

సూపర్వైజరమ్మ ఒక ప్రయత్నం చేసింది. కొత్త మంచాలు ముందుగా వేసిన మగవాళ్ళ వైపు ఒక గదిలో, లారీ నడిపి మానేసిన ఒకాయనకి తోడుగా తమ్ముణ్ణి పెట్టించింది. కింద అంతస్తు అతనికే. ఏం చెయ్యాలో మడతక్క ఆయనకి చేత్తో చూపించి మరీ నేర్పింది, ఇలా తిప్పు, ఇలా పట్టుకో అని. ఆయన శ్రద్ధగా విన్నాడు. మూర్ఛ వచ్చిన మొదటిసారే గదిలోంచి పరిగెత్తి, నడవా చివర మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నాడు. తోటివాళ్ళు వెళ్ళి తమ్ముణ్ణి తిప్పారు. మర్నాడు ఆయన మడతక్క కాళ్ళ దగ్గర కూర్చున్నంత పని చేశాడు. లారీ కింద ఒకణ్ణి చూశానమ్మా, వాడూ ఇలాగే కొట్టుకున్నాడు, నా వల్ల కాదు, వీడు నా కళ్ళముందు పోతే నేను బతకను అన్నాడు. ఆయన్ని ఏమనాలో ఆమెకి తోచలేదు. ఇంకొకరెవరూ ముందుకి రాలేదు.

ఆడవాళ్ళ వైపుకీ మంచాలు వచ్చాయి. బిగించడానికి వచ్చినవాళ్ళు డ్రమ్ములు లాగి నడవాలో దొర్లించారు. దుప్పటి చుట్టలు విప్పి మూలకి తన్నారు. కొత్త మంచం నిలబెట్టి, కింది కోళ్ళకి రబ్బరు దిండ్లు స్క్రూలతో బిగిస్తుంటే, ఇవి దేనికండీ అని మడతక్క అడిగింది. ఏమోనమ్మా, డిజైన్‌లో ఉన్నాయి, అక్కడా ఉంటాయట, అందం కోసమేమో అన్నాడు మేస్త్రీ. ఆమె వేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉన్నాయి. పోయిన చుట్టలకన్నా బాగున్నాయి. తమ్ముడికి సరిగ్గా సరిపోయేవి.

కింద అంతస్తుకి ఒక ముసలావిడ వచ్చింది. బట్టల కంపెనీలో చొక్కాలకి గుండీలు కుట్టి కుట్టి చూపు పోగొట్టుకుని, రైల్వే మెట్ల కింద ఏళ్ళ తరబడి పడుకున్న మనిషి. అందరూ గుండీలామె అనేవారు. గదిలోకి వచ్చి ముందు తలుపు వేసింది. మళ్ళీ తీసింది. మళ్ళీ వేసింది. గడియ పడిన చప్పుడు విని నవ్వింది. చేతిలో సంచి కింద పెట్టకుండానే మంచం మీద కూర్చుని, లోపల్నుంచి గడియ వేసుకుని ఎన్నేళ్ళయిందో అంది.

మడతక్క ఆమెకి టీ ఇచ్చింది. తాగనిచ్చింది. అప్పుడు అడిగింది. తమ్ముడు మంచానికీ గోడకీ మధ్య నేల మీద పడుకుంటాడు, తలుపుకి అడ్డమైతే కాళ్ళు ముడుచుకుంటాడు, సూపర్వైజరమ్మ వచ్చే వేళకి నీ తెర వెనక్కి జరుగుతాడు, నువ్వు చూడనట్టుంటే చాలు, అంది. నీకు కళ్ళు సరిగ్గా కనపడవు కదా, నిన్నెవరూ తప్పు పట్టరు, అని కూడా అంది. ఆ మాట అన్నందుకు తనకే సిగ్గేసింది.

గుండీలామె గ్లాసు కింద పెట్టేసింది.

"నన్నడగకు తల్లీ," అంది. "దొరికితే ఇద్దర్నీ పంపేస్తారు. నువ్వు చిన్నదానివి, తట్టుకుంటావు. నేను ఆ మెట్ల కిందకి మళ్ళీ వెళ్తే ఈసారి లేవను. నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్నడగకు."

నిజంగానే కాళ్ళ కోసం వంగింది. మడతక్క ఆమె భుజాలు పట్టుకుని ఆపింది. ముసలిదాని భుజాలు పక్షి రెక్కల్లా ఉన్నాయి. తిడదామన్నా తిట్టు ఎవరికి తగలాలో తెలియలేదు.

సాయంత్రం తమ్ముడు తనే వచ్చి పరుపు చుట్ట భుజానికెత్తుకున్నాడు. గది వదిలేసి నీతో వచ్చేస్తానంది మడతక్క. వాడు ఒప్పుకోలేదు. నీకు జ్వరమొస్తే నన్నెవరు చూస్తారు, ఇద్దరం బయటుంటే ఇద్దరం పోతాం, ఒకళ్ళం లోపలుంటే ఒక్కళ్ళయినా మిగులుతారు, అన్నాడు. ఆ లెక్కలో మిగిలేది ఎవరో వాడు పైకి చెప్పలేదు. రోడ్డుకి అవతల, సరిగ్గా ఆమె కిటికీకి ఎదురుగా, మూసేసిన ఒక మందుల దుకాణం అరుగు ఉంది. అక్కడ పరుపు వేసుకున్నాడు. ఆ దుకాణం బోర్డు ఒకప్పుడు అతను రాసిందే, రంగు వెలిసిపోయి ఉంది.

"ఇదివరకూ నువ్వు పైన, నేను కింద," అన్నాడు. "ఇప్పుడూ అంతేగా. మధ్యలో రోడ్డొకటి వచ్చింది, అంతే."

ఆమె నవ్వలేదు. వాడి మెడచుట్టూ శాలువా చుట్టింది. పక్కకి తిరిగి పడుకో, వెల్లకిలా పడుకోకు అని చెప్పింది. మూర్ఛ వచ్చేటప్పుడు ఎలా పడుకోవాలో ముందే చెప్పడం ఎంత వెర్రో ఆమెకి తెలుసు. అయినా చెప్పింది. గేటు మూసే వేళకి లోపలికి వచ్చి, మెట్లెక్కి, కిటికీ దగ్గర నిలబడింది.

వెలుతురు పూర్తిగా పోలేదు. దుకాణాలు ఒక్కొక్కటే దీపాలు వేస్తున్నాయి. పనుల నుంచి వచ్చేవాళ్ళు అరుగు పక్కనుంచి పోతున్నారు, ఎవరూ అటు చూడడం లేదు. తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఇటు చూసి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. వెనక గుండీలామె మంచం మీద దుప్పటి సర్దుకుంటోంది, అది గరగరలాడుతోంది. కింద నడవాలో సూపర్వైజరమ్మ ఒక్కో తలుపూ తడుతూ వస్తోంది.

తమ్ముడు ఎత్తిన చెయ్యి దించలేదు.

ముందు వాడింకా పిలుస్తున్నాడనుకుంది. తర్వాత ఆ చేతి వేళ్ళు చూసింది. బొటనవేలు మిగతా వేళ్ళ మీద రుద్దుకుంటోంది, అంటుకున్న రంగు తుడుచుకుంటున్నట్టు. ఎప్పుడూ అలాగే మొదలవుతుంది.

మెట్లు ఎలా దిగిందో ఆమెకి తెలీదు. నడవాలో సూపర్వైజరమ్మ భుజం తగిలింది. ఆవిడ ఏదో అంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక రెక్క మూసి, రెండో రెక్క పట్టుకుని ఉన్నాడు, చేతిలో తాళం.

"ఇప్పుడు వెళ్తే మళ్ళీ రానివ్వలేనమ్మాయ్. ఇదివరకటిలా కాదు. ఆవిడ లోపలే ఉంది," అన్నాడు.

అంటూనే రెక్క వెనక్కి లాగి దారిచ్చాడు.

ఆమె వెళ్ళేసరికి వాడు అరుగు మీద నుంచి రోడ్డు మీదికి దొర్లిపోయి ఉన్నాడు. అప్పటిదాకా ఎవరూ చూడనివాణ్ణి ఇప్పుడు అందరూ నిలబడి చూస్తున్నారు. తాగాడేమో అంటున్నారెవరో. తల రాతి అంచుకి కొట్టుకుంటోంది. మడతక్క కూలబడి, తన రెండు అరచేతులూ ఆ తలకీ రాయికీ మధ్య పెట్టింది. దెబ్బలన్నీ వేళ్ళ మీద పడ్డాయి. పక్కకి తిప్పడానికి చూసింది, ఒక్కదానివల్ల కాలేదు. కాస్త పట్టండి, భుజం తిప్పండి చాలు, అంది చుట్టూ చూసి. ఒకతను వంగబోయి ఆగిపోయాడు. ఒకావిడ పిల్లని వెనక్కి లాక్కుంది. మోకాలు అడ్డం పెట్టి, దవడ కింద భుజం ఆనించి, ఎలాగో తిప్పింది. నోట్లోంచి నురగ, కొంచెం నెత్తురు. మామూలుగా ఈపాటికి తగ్గాలి. తగ్గడం లేదు. ఒకటి అయిపోయిందనుకుంటే దాని వెనకే ఇంకోటి మొదలైంది. ఎప్పుడూ అలా రాలేదు.

ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి బాబూ, అంది. చేస్తున్నామన్నారెవరో. ఎవరో తెలీలేదు.

రోడ్డుకి అవతల గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ పిలిచాడు. గొంతు తగ్గించి పిలుద్దామనుకున్నాడేమో, బండ్ల రొదలో అరవాల్సి వచ్చింది.

"అమ్మాయ్, మీ గది దగ్గరికి వచ్చేసింది ఆవిడ. వచ్చేస్తావా? గేటు వెయ్యమంటోంది."

పై అంతస్తులో మూల కిటికీ దగ్గర గుండీలామె నిలబడి ఉంది. అంత దూరం ఆమెకి కనపడదు. అయినా ఇటే చూస్తోంది.

మడతక్క రెండు చేతులూ తల కిందే ఉన్నాయి. ఒక చెయ్యి తీసినా తల రాయి మీదికి పోతుంది.

"వేసెయ్ బాబాయ్," అంది.

తాళం పడిన చప్పుడు ఆమెకి వినపడలేదు. తమ్ముడి ఒళ్ళు ఒక్కసారిగా కదలడం మానేసింది. ఊపిరి వినపడుతుందేమోనని వంగి, వాడి నోటి దగ్గర చెవి పెట్టి, రోడ్డు మీద బండ్లు కాసేపు ఆగితే బాగుండునని ఎదురుచూస్తోంది.